విదేశంలో ఉంటూ ప్రయాణాలకు తక్కువ ఖర్చయ్యే క్రెడిట్ కార్డు: ఏది తీసుకోవాలి?

కిటికీ_సీటు
ఉద్యోగం మీద వేరే దేశం వచ్చి ఎనిమిది నెలలైంది. జీతం ఇక్కడి కరెన్సీలోనే పడుతుంది. కార్డు మాత్రం ఇప్పటికీ వచ్చేటప్పుడు వెంట తెచ్చుకున్నదే. నిన్న రాత్రి తీరిగ్గా కూర్చుని మూడు నెలల స్టేట్‌మెంట్లు ముందేసుకున్నాను. ప్రతి ఖర్చు కింద సన్నక్షరాలతో ఇంకో లైను. రైలు టికెట్, దాని కింద ఒక ఫీజు. హోటల్, దాని కింద ఒక ఫీజు. పెన్సిల్‌తో టిక్కులు పెట్టుకుంటూ పోతే 43 లైన్లు తేలాయి. విడివిడిగా చూస్తే లెక్కలోకి రానివే, అన్నీ కూడితే ఒక విమానం టికెట్‌లో సగం! నిద్ర పట్టలేదు.

ఏడాదికి నాలుగైదు ప్రయాణాలు ఉంటాయి, సగం ఆఫీసువి, సగం సొంతవి. ఇక్కడి బ్యాంకు రెండు కార్డులు చూపిస్తోంది. ఒకదానికి ఏడాది ఫీజు లేదు, పాయింట్లూ లేవు. రెండోదానికి ఫీజు గట్టిగానే ఉంది, కానీ ఎయిర్‌పోర్టు లాంజ్, ఇన్సూరెన్స్, పాయింట్లు అంటున్నారు. ఇందులో నిజంగా తక్కువ ఖర్చయ్యేది ఏది? వాడినవాళ్లు చెప్పండి.

రన్‌వే_27
ఫీజు లేనిది తీసుకోండి. ఇందులో ఆలోచించడానికి ఏముంది.

లెక్కల_పంతులు
రన్‌వే గారూ, అంత తేలిగ్గా తేల్చేయకండి. ఏడాది ఫీజు లేనంత మాత్రాన ఖర్చు లేని కార్డు అయిపోదు. అసలు చూడాల్సింది ఫారిన్ ట్రాన్సాక్షన్ ఫీజు. కొన్నిచోట్ల దీన్నే ఫారెక్స్ మార్కప్ అంటారు. చాలా కార్డుల మీద ఇది 3% దాకా ఉంటుంది. ఇండియా కార్డుల్లో 3.5% తరచుగా కనిపిస్తుంది, ఆ ఫీజు మీద మళ్లీ 18% జీఎస్టీ. రెండూ కలిపితే 4.13% అవుతుంది.

ఇప్పుడు ఈ లెక్క చూడండి. ఏ కరెన్సీ అయినా పర్వాలేదు. ఏడాది ఫీజు 90 ఉండి మార్కప్ సున్నా ఉన్న కార్డు ఒకటి. ఏడాది ఫీజు సున్నా ఉండి మార్కప్ 3% ఉన్నది ఇంకొకటి. బయటి కరెన్సీలో ఏడాదికి 3000 ఖర్చు పెడితే రెండూ సమానం. అంతకు మించితే ఫీజు ఉన్న కార్డే చవక. తక్కువైతే రెండోది. రెండూ సున్నా ఉన్న కార్డు దొరికితే ఇక లెక్కలే అక్కర్లేదు. అలాంటివి చాలా దేశాల్లో ఉన్నాయి, అడిగి తెలుసుకోవాలి. బ్యాంకువాళ్లు వాటిని ముందుకు తోయరు.

కిటికీ గారూ, మీకు చూపించిన రెండింటి మార్కప్ ఎంతో చెప్పండి.

కిటికీ_సీటు
@లెక్కల_పంతులు బ్రోషర్ రెండువైపులా చదివాను. మార్కప్ మాటే లేదు అందులో.

లెక్కల_పంతులు
బ్రోషర్‌లో ఉండదండి. ఛార్జీల పట్టిక అని విడిగా ఒక పీడీఎఫ్ ఉంటుంది, అందులో వెతకండి. నాలుగు అంకెలు రాసుకోండి: ఏడాది ఫీజు, విదేశీ లావాదేవీ ఫీజు, నగదు తీస్తే ఫీజు, వడ్డీ రేటు. మిగతా పేజీలన్నీ తర్వాత తిరగేయొచ్చు.

పాత_కాపు
పదహారేళ్లుగా మూడు దేశాలు మారాను. పంతులు గారి లెక్క సరైనదే, కానీ దానికంటే ముందు ఇంకో ప్రశ్న ఉంది. మీ జీతం ఏ కరెన్సీలో వస్తోంది? కార్డు బిల్లు కూడా ఆ కరెన్సీలోనే రావాలి. కిటికీ గారి 43 లైన్లకు మూలం అక్కడే ఉంది. ఆయన ఉంటున్న ఊళ్లో కొన్నా సరే, పాత కార్డుకు అది విదేశీ ఖర్చే. పైగా ఆ బిల్లు కట్టడానికి జీతంలోంచి మళ్లీ వెనక్కి డబ్బు పంపాలి. ఆ పంపడానికి ఒక ఫీజు, అక్కడ రేటులో ఇంకొంత కోత. వెళ్లేటప్పుడోసారి, వచ్చేటప్పుడోసారి నష్టం.

అందుకే ముందు ఉంటున్న దేశం కార్డు తీసుకోండి. ఏది మంచిది, ఏది గొప్పది అనేది ఆ తర్వాతి మాట.

మబ్బుల_మీద
పాత కాపు గారూ, చెప్పడం తేలికే! నేను దిగిన మొదటి ఏడాది రెండు బ్యాంకులు నా దరఖాస్తు వెనక్కి పంపాయి. సొంత దేశంలో పదేళ్లు ఒక్క డ్యూ డేట్ కూడా తప్పలేదు, ఇక్కడ మాత్రం నా పేరు మీద ఏమీ లేదు. కౌంటర్ దగ్గర అమ్మాయి స్క్రీన్ నా వైపు తిప్పి చూపించింది, క్రెడిట్ హిస్టరీ, అంటే పాత అప్పులు, బిల్లులు ఎలా కట్టానన్న రికార్డు, ఉండాల్సిన చోటంతా ఖాళీ. ఏదో తప్పు చేసినదానిలా తల దించుకుని బయటికి వచ్చాను.

పాత_కాపు
@మబ్బుల_మీద తప్పు మీది కాదమ్మా. క్రెడిట్ హిస్టరీ సాధారణంగా సరిహద్దు దాటదు. ఆ రికార్డులు ఉంచే సంస్థను బ్యూరో అంటారు, ఏ దేశం బ్యూరో ఆ దేశానిదే. జీతం పడే బ్యాంకులోనే అడిగితే పని సులువు, మీ ఆదాయం వాళ్ల కళ్లముందే ఉంటుంది. అదీ కుదరకపోతే డిపాజిట్ పెట్టి సెక్యూర్డ్ కార్డు తీసుకోవచ్చు. ఏడాదిపాటు బిల్లు మొత్తం టైముకు కడితే దారి అదే తెరుచుకుంటుంది. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కార్డు ముందునుంచీ ఉన్నవాళ్లయితే, ఆ సంబంధం ఆధారంగా కొత్త దేశంలో దరఖాస్తు చేసుకునే ఏర్పాటు కూడా ఉంది. కాకపోతే అది వీసా, మాస్టర్‌కార్డ్ తీసుకున్నన్ని చోట్ల తీసుకోరు.

మబ్బుల_మీద
చివరికి నేను చేసింది అదే, జీతం బ్యాంకులో సెక్యూర్డ్ కార్డు. 14 నెలలకు డిపాజిట్ వెనక్కి ఇచ్చి మామూలు కార్డు చేశారు. ఆ రోజు ఇంట్లో అందరికీ ఫోన్ చేసి చెప్పాను, ఏదో డిగ్రీ పాసైనట్టు 😀

ఎర్ర_సూట్‌కేస్
అందరూ ఫీజు ఫీజు అంటున్నారు, పాయింట్ల సంగతి ఎవరూ ఎత్తడం లేదేంటి? నేను నెట్‌లో చూసినవాళ్లందరూ పాయింట్లతో బిజినెస్ క్లాసులో తిరుగుతున్నారు.

సంచిలో_ఇల్లు
@ఎర్ర_సూట్‌కేస్ వాళ్లు ఏ దేశంలో ఉన్నారో చూశారా? ఎక్కువమంది అమెరికావాళ్లే. నేను యూరప్‌లో ఉంటాను. ఇక్కడ 2015 నుంచి ఇంటర్‌చేంజ్ మీద పరిమితి ఉంది. మనం కార్డు గీకినప్పుడు షాపువాడి బ్యాంకు నుంచి మన కార్డు బ్యాంకుకు వెళ్లే వాటా అది. మామూలు వినియోగదారుల క్రెడిట్ కార్డుకు 0.3%, డెబిట్‌కు 0.2% మించకూడదు. పాయింట్లకు డబ్బు వచ్చేది ఎక్కువగా ఆ వాటాలోంచే. అమెరికాలో క్రెడిట్ కార్డులకు అలాంటి పరిమితి లేదు, అందుకే అక్కడ పాయింట్లు ధారాళంగా ఇస్తారు. వాళ్ల వీడియోలు చూసి ఇక్కడ కార్డు ఎంచుకుంటే నిరాశే మిగులుతుంది.

ఎర్ర_సూట్‌కేస్
ఓ, ఇది నాకు అస్సలు తెలియదు. థాంక్యూ. రెండేళ్లుగా ఇక్కడి బ్యాంకుల మీద ఊరికే కోపం పెంచుకున్నాను.

రన్‌వే_27
అయినా పాయింట్ల కోసం 3% మార్కప్ కట్టి 1% వెనక్కి తెచ్చుకోవడం ఏం లాభం? నా మాట అదే.

లెక్కల_పంతులు
@రన్‌వే_27 ఈ మాట మీద మీతో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను.

తీరం_దాటి
నేను వేరే దారిలో పోతున్నాను. క్రెడిట్ కార్డే వద్దు. యాప్‌లో వచ్చే మల్టీ కరెన్సీ డెబిట్ కార్డు వాడుతున్నా. ఉన్న డబ్బే ఖర్చవుతుంది, అప్పు టెన్షన్ లేదు, రేటు కూడా మంచిదే.

సంచిలో_ఇల్లు
@తీరం_దాటి నేనూ ఒకటి ఉంచుకున్నాను, ఏటీఎంలో నగదుకు అదే బాగుంటుంది. కానీ రెండు చూసుకోండి. కొన్ని యాప్ కార్డులు శని, ఆదివారాల్లో రేటు మీద అదనంగా కలుపుతాయి, మార్కెట్ మూసి ఉంటుంది కాబట్టి. నెలకు ఇంత వరకే ఉచితం అని హద్దు కూడా ఉంటుంది. అవి దాటితే మళ్లీ ఫీజు మొదలు.

నిదానమే_ప్రధానం
తీరం దాటి గారూ, డెబిట్ ఒక్కటే నమ్ముకుని నేను పడ్డ ఇబ్బంది చెబుతాను, మీకు జరగకూడదని. కారు అద్దెకు తీసుకోవడానికి ఎయిర్‌పోర్టు కౌంటర్‌కు వెళ్లాను. డ్రైవర్ పేరు మీద క్రెడిట్ కార్డు కావాలన్నారు. నా దగ్గర లేదు. పక్కనే ఉన్న ఇంకో కంపెనీ డెబిట్ ఒప్పుకుంది, కానీ డిపాజిట్ కింద పెద్ద మొత్తం హోల్డ్ పెట్టింది. క్రెడిట్ కార్డయితే లిమిట్‌లో కొంత ఆగుతుంది, అంతే. డెబిట్‌లో ఆగేది మన సొంత డబ్బు. కారు తిరిగి ఇచ్చేశాక పదకొండు రోజులకు గానీ ఆ డబ్బు నా ఖాతాలో కనబడలేదు. ఈలోపు ఇంటి అద్దె తేదీ వచ్చింది. ఇంటాయనకు మెసేజ్ పెట్టి వారం ఆగమని బతిమాలుకున్నాను. చేతిలో డబ్బు ఉండి కూడా అడగాల్సి రావడం... అది మర్చిపోలేను.

తీరం_దాటి
అయ్యో. ఇది ఆలోచించలేదండి. హోటళ్లు కూడా అలాగే హోల్డ్ పెడతాయి కదా?

నిదానమే_ప్రధానం
చాలా హోటళ్లు పెడతాయి. అందుకే హోటల్‌కు, కారుకు క్రెడిట్ కార్డు. నగదుకు డెబిట్. క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో మాత్రం పొరపాటున కూడా తీయకండి. తీసినందుకు ఫీజు, పైగా సాధారణంగా ఆ రోజు నుంచే వడ్డీ. కొనుగోళ్లకు ఉండే గడువు దానికి ఉండదు.

కిటికీ_సీటు
ఛార్జీల పట్టిక దొరికింది! ఫీజు లేని కార్డుకు మార్కప్ 0. ఫీజు ఉన్నదానికి 1.5%!! నేను గొప్ప కార్డు అనుకున్నదానికే మార్కప్ ఉంది. నాలుగుసార్లు చదివాను నమ్మకం కుదరక. కానీ దాంట్లో ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉంది కదా, దానికి విలువ లేదంటారా?

పాత_కాపు
ఉంది, షరతులు మీకు సరిపోతే. చాలా కార్డుల్లో టికెట్ ఆ కార్డుతోనే కొనాలి. ప్రయాణం మీరు నివాసం ఉంటున్న దేశం నుంచే మొదలవ్వాలి. ఒక్కో ప్రయాణం ఇన్ని రోజులకు మించకూడదని కూడా ఉంటుంది. కార్డు ఒక దేశానిది, మనిషి కాపురం ఇంకో దేశంలో అయితే అసలు చిక్కు అక్కడే. కార్డు ఫీజు కడుతూనే ఉంటాం, క్లెయిమ్ రోజున "మీరు ఇక్కడి నివాసి కాదు" అంటారు. మా స్నేహితుడికి బ్యాగు పోయినప్పుడు అచ్చంగా ఇదే జరిగింది. పాత కార్డు మీది ఇన్సూరెన్స్‌ను నమ్ముకునేవాళ్లు పాలసీ కాగితంలో "నివాసం" అన్న మాట ఎక్కడుందో వెతికి చదవండి.

మబ్బుల_మీద
వీసాకు ఇన్సూరెన్స్ అడిగేచోట్ల కార్డు ఇన్సూరెన్స్ సరిపోతుందా అన్నది కూడా ముందే చూసుకోవాలి. షెంజెన్ వీసాకు (యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా) కనీసం 30,000 యూరోల వైద్య కవర్ ఉన్నట్టు కాగితం చూపించాలి. నేను విడిగానే కొనుక్కుంటాను, మనసుకు హాయిగా ఉంటుంది.

ఎర్ర_సూట్‌కేస్
నా డౌట్ ఒకటి. పోయిన నెల వేరే దేశంలో హోటల్ బిల్లు కడుతుంటే మెషీన్ నన్ను మా కరెన్సీలో కట్టమంటావా, అక్కడి కరెన్సీలోనా అని అడిగింది. మా కరెన్సీ నొక్కాను, ఎంతవుతుందో అప్పుడే తెలుస్తుంది కదా అని. కరెక్టే చేశానా?

సంచిలో_ఇల్లు
అయ్యో లేదు!! దాన్నే డీసీసీ అంటారు, డైనమిక్ కరెన్సీ కన్వర్షన్. మీ కరెన్సీ నొక్కగానే మార్చే పని మీ కార్డు నెట్‌వర్క్ (వీసా, మాస్టర్‌కార్డ్ లాంటివి) చేతిలోంచి పోతుంది, ఆ మెషీన్ వెనకాల ఉన్న కంపెనీ తన రేటు వేస్తుంది. మార్కప్ సున్నా ఉన్న కార్డు మీ జేబులో ఉన్నా ఉపయోగం లేదు, ఆ సున్నా అక్కడిదాకా చేరదు. ఎప్పుడూ ఆ ఊరి కరెన్సీయే నొక్కండి.

యూరప్‌లో 2020 ఏప్రిల్ నుంచి ఒక నిబంధన ఉంది. ఈయూ కరెన్సీల మధ్య మార్చేటప్పుడు, యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్ రేటు కన్నా తమ రేటు ఎంత శాతం ఎక్కువో చూపించాలి. మొన్న ఒక స్క్రీన్ మీద ఆ శాతం నా కళ్లతో చూశాను. మీద పెద్ద ఆకుపచ్చ బటన్‌లో నా కరెన్సీ, కింద బూడిదరంగులో చిన్నగా అక్కడి కరెన్సీ, ఇంకా కిందికి చీమల బారులా ఒక లైను, దాని చివర 6%. కళ్లద్దాలు పైకి నెట్టి చదవాల్సి వచ్చింది.

ఎర్ర_సూట్‌కేస్
నేను నొక్కింది కూడా ఆకుపచ్చదే 😟

లెక్కల_పంతులు
@ఎర్ర_సూట్‌కేస్ ఇంకొక్కటి కూడా చూసుకోండి. కొన్ని బ్యాంకులు ఏ కరెన్సీ అన్నది కాదు, వ్యాపారి ఏ దేశంలో ఉన్నాడన్నది చూస్తాయి. అంటే మీ కరెన్సీలోనే కట్టినా విదేశీ వ్యాపారి కాబట్టి ఫీజు వేస్తాయి. డీసీసీలో 6%, దాని మీద బ్యాంకు 3%, ఒకే బిల్లు మీద దాదాపు 9%. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో బయటి దేశం విమానం టికెట్ కొన్నా ఇది పడొచ్చు.

నిజమైన రేటు ఎంతో తెలియాలంటే వీసా, మాస్టర్‌కార్డ్ రెండింటి సైట్లలోనూ కరెన్సీ కాలిక్యులేటర్ ఉంది. తేదీ, మీ బ్యాంకు ఫీజు శాతం వేసి చూసుకోవచ్చు. స్టేట్‌మెంట్‌తో పైసా పైసా కలవకపోతే కంగారుపడొద్దు. కొన్నిసార్లు కొన్న రోజు రేటు కాకుండా, లావాదేవీ ప్రాసెస్ అయిన రోజు రేటు పడుతుంది.

రన్‌వే_27
అయితే పాత దేశం కార్డు రద్దు చేసేయమంటారా?

పాత_కాపు
తొందర పడకండి. ఫీజు లేనిదైతే రెండో కార్డుగా ఉంచుకోవచ్చు, వేరే నెట్‌వర్క్‌ది అయితే ఇంకా మంచిది. ఒకటి పోయినా, బ్లాక్ అయినా చేతిలో ఇంకోటి ఉంటుంది. రెండూ ఒకే పర్సులో పెట్టొద్దు. అయితే మీరు వేరే దేశం మారిన సంగతి ఆ బ్యాంకుకు చెప్పాలి. కొన్ని కార్డులు ఆ దేశ నివాసులకే ఇస్తారు, చెప్పకుండా వాడుతూ పోతే ఇబ్బంది.

మబ్బుల_మీద
పాత కార్డుకు ఓటీపీ ఏ నంబరుకు వస్తుందో కూడా చూసుకోండి. మావారు పాత సిమ్ రీఛార్జ్ చేయడం మర్చిపోయారు, నంబరు ఆగిపోయింది. అర్ధరాత్రి ఎయిర్‌పోర్టులో రద్దయిన విమానానికి బదులు ఇంకో టికెట్ కొనబోతే ఓటీపీ పాత నంబరుకు పోతోంది. మా పాప నా ఒళ్లో నిద్రపోతోంది, ఆయన ఫోన్ చూస్తూ నిలబడిపోయారు, స్క్రీన్ మీద ఐదు నిమిషాల టైమర్ తగ్గిపోతోంది. చివరికి నా సెక్యూర్డ్ కార్డే ఆదుకుంది. దాని లిమిట్ చిన్నది, సరిగ్గా రెండు టికెట్లకు సరిపోయింది.

తీరం_దాటి
చదువుతుంటేనే గుండె దడదడలాడింది. ఇప్పుడే వెళ్లి నా నంబరు ఏముందో చూస్తాను.

సంచిలో_ఇల్లు
వీలైతే ఓటీపీ బదులు యాప్‌లో అప్రూవ్ చేసే పద్ధతి పెట్టుకోండి, నెట్ ఉంటే చాలు. అలాగే క్రెడిట్ కార్డుకు పిన్ ఉందో లేదో ముందే అడగండి. యూరప్‌లో మనిషి లేని టికెట్ మెషీన్లు, పెట్రోల్ బంకులు కొన్ని పిన్ లేకపోతే కదలవు. అమెరికా కార్డులు చాలావాటికి కొనుగోలు పిన్ ఉండదు, అక్కడినుంచి వచ్చినవాళ్లు రైల్వే స్టేషన్లలో చిక్కుకుపోవడం చూశాను.

నిదానమే_ప్రధానం
క్రెడిట్ కార్డు వైపే ఇంకో మాట. వివాదం వచ్చినప్పుడు రక్షణ. బ్రిటన్‌లో ఉన్నవాళ్లకు 1974 నాటి కన్స్యూమర్ క్రెడిట్ చట్టం, సెక్షన్ 75 ఉంది. 100 పౌండ్లు దాటి 30,000 పౌండ్ల వరకు ఉన్న వస్తువుకో, సేవకో డబ్బు కట్టాక అమ్మినవాడు మాట తప్పితే కార్డు కంపెనీ కూడా బాధ్యత పడాలి. విదేశంలో కొన్నా వర్తిస్తుంది. మా చెల్లి బుక్ చేసిన విమాన సంస్థ మూతపడితే డబ్బు ఇలాగే తిరిగొచ్చింది. అలాంటి హక్కు మీరు ఉన్న దేశంలో ఏముందో తెలుసుకోండి.

కిటికీ_సీటు
అన్నీ చదివి ఫీజు లేని, మార్కప్ లేని కార్డుకే దరఖాస్తు పెట్టాను. జీతం బ్యాంకు కాబట్టి నాలుగు రోజుల్లో వచ్చేసింది. పాతది రెండో కార్డుగా సూట్‌కేస్ లోపలి జేబులో పెట్టాను, చిరునామా మార్పు కూడా వాళ్లకు రాశాను. లాంజ్ పోతే పోయింది, గేటు దగ్గర కిటికీ పక్కన కుర్చీ చాలు నాకు. వచ్చే వారమే మొదటి ప్రయాణం.

ఎర్ర_సూట్‌కేస్
ఆకుపచ్చ బటన్ జాగ్రత్త!!

కిటికీ_సీటు
తిరిగొచ్చాను. ఎర్ర సూట్‌కేస్ గారు అన్నట్టే హోటల్‌లో మెషీన్ నా ముందు పెట్టారు. పైన ఆకుపచ్చలో మా కరెన్సీ. రిసెప్షన్‌లో అతను వేలు పెట్టి అదే చూపించాడు, "ఇది మీకు సులువు" అన్నాడు. వద్దండి, ఇక్కడి కరెన్సీలోనే అని కిందది నొక్కాను. చెయ్యి కాస్త వణికింది, ఏదైనా తప్పు నొక్కుతానేమోనని. ఈ రోజు స్టేట్‌మెంట్ వచ్చింది. పాత పెన్సిలే తీసుకుని కూర్చున్నాను. హోటల్, ఒకటే లైను. రైలు, ఒకటే లైను. టిక్ పెట్టడానికి ఏమీ దొరకలేదు.

లెక్కల_పంతులు
చాలా సంతోషం. ఆటో పే పెట్టారా? పెడితే యాప్‌లో ఒకసారి తెరిచి చూడండి, "మొత్తం బిల్లు" అని ఉందా, "మినిమమ్ డ్యూ" అని ఉందా. మినిమమ్ అంటే బిల్లులో కనీసం కట్టాల్సిన కొంచెమే, మిగతాదాని మీద వడ్డీ పడుతుంది. ఏడాదికి 24% వడ్డీ అనుకుంటే నెలకు 2%. మార్కప్‌లో మిగిల్చిన 3% రెండు నెలలైనా నిలవదు.

కిటికీ_సీటు
చూశాను. మినిమమ్‌లో ఉంది! నేను పెట్టలేదు, అదే అలా వచ్చింది. ఇప్పుడే మార్చాను.

రన్‌వే_27
నాదీ చూసుకున్నా. నాదీ మినిమమే. మార్చేశాను, థాంక్స్ పంతులు గారూ.